వాటర్ కలర్ ప్యాలెట్‌కి ఎనిమిది రంగులు చాలండి

కొత్తగా వాటర్ కలర్స్ మొదలుపెట్టేవాళ్ళు నేరుగా 36 రంగుల బాక్స్ కొనేస్తారు, నేనూ అదే చేశా, అందులో సగం బిళ్ళలకి ఇప్పటికీ తడి తగల్లేదు. దాని బదులు 5 ఎంఎల్ ట్యూబులు ఎనిమిది విడిగా తీసుకోండి.

పసుపు, ఎరుపు, నీలం రెండేసి. రెండెందుకంటే, లెమన్ ఎల్లోలో థాలో బ్లూ (పచ్చ వైపున్న నీలం) కలిపితే వరినారు పచ్చ వస్తుంది, అదే కాస్త నారింజ వైపున్న పసుపులో అల్ట్రామెరైన్ (ఊదా వైపున్న నీలం) కలిపారనుకోండి, ముదురు మామిడాకు పచ్చ వస్తుంది, ఒకే జతతో ఈ రెండూ రావు. ఎరుపుల్లో ఒకటి పండుమిరప రంగు (పైరాల్ రెడ్), ఇంకోటి గులాబీ వైపున్న క్వినాక్రిడోన్ రోజ్. రోజ్‌లో అల్ట్రామెరైన్ వేస్తే మంచి వంకాయ రంగు, పండుమిరపతో ట్రై చేస్తే మాత్రం బురదే. మిగతా రెండూ మట్టి రంగులు: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు). నలుపు కొనకండి, బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ కలుపుతూ పోతే వానమబ్బు బూడిద రంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్నీ వస్తాయి.

కొనేటప్పుడు పేరు కాదు, ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ (లోపల ఏ రంగు పదార్థం వాడారో చెప్పే అక్షరాలు, అంకె) చూడండి. అల్ట్రామెరైన్ అంటే పీబీ 29, ఏ కంపెనీదైనా అంతే. వీలైనంతవరకు ట్యూబుకి ఒక్క కోడే ఉన్నవి తీసుకోండి, మూడు నాలుగు కోడ్‌లున్న రంగులు ఇంకోదాంతో కలిపితే మాసిపోతాయి. ఒపెరా పింక్ చూస్తే మనసు లాగేస్తుంది కానీ వెలుతురుకి వెలిసిపోతుంది, గోడకి తగిలించే బొమ్మకి వద్దు.

ఇక సర్దడం. ఖాళీ హాఫ్ పాన్‌లో (రంగు నింపుకునే చిన్న ప్లాస్టిక్ గిన్నె) ట్యూబులోని రంగుని సగం వరకు పిండి, టూత్‌పిక్‌తో మూలలకి సర్ది ఒకరోజు ఆరనిచ్చి, అప్పుడు మిగతా సగం నింపండి, ఒకేసారి నింపితే ఆరాక పగుళ్ళొస్తాయి. తడి ఉండగా మూత పెట్టొద్దు, వానాకాలంలో అయితే బూజు పట్టేస్తుంది (నా ఓకర్ అలాగే పోయింది). పసుపులు ఒక చివర, తర్వాత ఎరుపులు, నీలాలు, చివర మట్టి రంగులు. థాలో బ్లూని పసుపు పక్కన అస్సలు పెట్టకండి, బ్రష్ చివరున్న ఒక్క చుక్క చాలు పసుపంతా పచ్చబడటానికి.

ఆరాక నీలాలు రెండూ నల్లగా ఒకేలా కనిపిస్తాయి, అందుకే పాన్ పక్కన మార్కర్‌తో పేరు రాసి, అదే వరసలో ఒక చిన్న కాగితం మీద రంగులు పూసి మూత లోపల అంటించుకోండి.