హైబ్రిడ్ కారు అసలు మైలేజ్ ఎంతో లెక్కేసుకోండి ఇలా

మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటర్ కూడా నడిపే కారు) కంపెనీ లెక్క లీటరుకి 27.97 కిలోమీటర్లు, అది టెస్ట్ లెక్క, మన రోడ్డు లెక్క మనమే తీసుకోవాలి. ఫుల్ ట్యాంక్ కొట్టించి నాజిల్ మొదటిసారి ఆటో కట్ అవ్వగానే ఆపించండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకొంచెం పోస్తానంటే వద్దనండి, అక్కడే డిస్‌ప్లేలో కిలోమీటర్లు లెక్కపెట్టే ట్రిప్ మీటర్ (ట్రిప్ ఏ) జీరో చెయ్యండి. మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించండి. నాకు పోయినసారి 614 కిమీకి 27.9 లీటర్లు పట్టింది, అంటే 22, డిస్‌ప్లేలో మాత్రం 23.4 చూపించింది. ఒక్క ట్యాంక్‌తో తేల్చేయకండి, నాలుగైదు ట్యాంకుల లెక్క ఫోన్‌లో రాసుకొని మొత్తం కలిపి చూడండి.

ఇక పెంచుకోవడం అంటే ముఖ్యంగా బ్రేకే. దూరంగా రెడ్ సిగ్నల్ కనపడగానే యాక్సిలరేటర్ వదిలేసి మెల్లగా బ్రేక్ మీద కాలు పెడితే మోటరే కారుని ఆపుతూ బ్యాటరీ నింపుతుంది, మీటర్‌లో ముల్లు చార్జ్ వైపు వెళ్ళడం కనిపిస్తుంది కూడా, అదే దగ్గరికొచ్చి గట్టిగా తొక్కితే ఆ శక్తి చాలావరకు బ్రేక్ ప్యాడ్ల దగ్గర వేడిగా పోతుంది. ఈవీ మోడ్‌లోనే (ఇంజన్ ఆగి బ్యాటరీ మీదే నడవడం) ఉండాలని నత్తలా నడపక్కర్లేదు, ఆ చార్జ్‌లో చాలాభాగం పెట్రోల్‌తో వచ్చిందే కదా. ఔటర్ మీద 80-90 దాటకండి. టైర్లలో గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఆగి ఉన్నప్పుడు ఏసీ బ్యాటరీని తాగుతుంది, అది తగ్గగానే ఇంజన్ ఆన్ అవుతుంది, అందుకే 24-25 మీద పెట్టుకోండి.