లిడియన్ సమాధి శాసనంలో అర్థం తేలని మాటను చదవడం ఎలా

సార్దిస్ రాజధానిగా పశ్చిమ అనటోలియాను (నేటి టర్కీ పడమటి భాగాన్ని) ఏలిన లిడియన్ల భాష నూటికి కాస్త పైబడిన శాసనాల్లోనే మిగిలింది. వాటిలో సమాధులపై చెక్కినవి చాలా ఉన్నాయి. 'లక్రిస' అనే మాట అక్కడిదే. దీన్ని గోడలని, ప్రవేశమార్గమని, శాసనమని రకరకాలుగా అర్థం చెప్పారు. ఇలాంటి మాట ఎదురైనప్పుడు వ్యుత్పత్తి జోలికి పోకుండా, ముందు వాక్యంలో దాని స్థానాన్ని చూడాలి.

1912లో సార్దిస్‌లో బయటపడిన శాసనం లిడియన్, అరమాయిక్ భాషలు రెండింటిలోనూ ఉంది. పర్షియా రాజు అర్తజెర్క్సెస్ 10వ ఏటిదని అరమాయిక్ పాఠం చెబుతుంది. లిడియన్ పాఠంలో 'మ్రుద్' అంటే నిలువురాయి, 'వానశ్' అంటే సమాధి గది, వాటి వెంటనే 'లక్రిసక్' వస్తాయి. చివరి 'క్' మాటలో భాగం కాదు, సంస్కృతంలోని 'చ' వంటి సముచ్చయార్థకం, అంటే 'మరియు'. దాన్ని విడదీస్తేనే అసలు పదం దక్కుతుంది. అరమాయిక్ పాఠంలో ఈ చోట ఉన్న మాట కూడా వివాదాస్పదమే కనుక, ద్విభాషా శాసనం దొరికింది కదా అని అక్కడితో ఆగిపోకూడదు.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే ఆధారం విభక్తి. అదే శాసనంలో, సమాధికి హాని చేసేవాణ్ణి శపించే భాగంలో, నిలువురాయి, సమాధి గది, మన మాట మళ్లీ వరుసగా కనిపిస్తాయి. మొదటి రెండింటికీ చతుర్థీ ఏకవచన ప్రత్యయం ఉండగా, మూడోదానికి మాత్రం బహువచన ప్రత్యయం ఉంది, దాని ముందున్న, 'ఈ' అని అర్థమిచ్చే విశేషణం కూడా బహువచనంలోనే ఉంది. ఒకే రాతిమీద ఒకచోట 'లక్రిస' అని, ఇక్కడ 'లకిరిస' అని చెక్కినా పదం ఒకటే. అచ్చు చేరినంత మాత్రాన దాన్ని కొత్త పదంగా లెక్కించకూడదు.

దీన్నిబట్టి అది ఒకటికి మించిన వస్తువులను సూచిస్తోందని తెలుస్తుంది. ఏకైక ప్రవేశమార్గమనే అర్థం నాకు బలహీనంగా తోస్తుంది. పైగా ఎఫెసస్ ఆర్తెమిస్, కొలోయె ఆర్తెమిస్ అనే దేవతలు ఆ అపరాధి ఇల్లూ నేలా నీరూ నాశనం చేస్తారని శాపం హెచ్చరిస్తుంది కాబట్టి, అది మనుషుల చేతుల్లో చెడిపోగలిగినదై ఉండాలి. గోడలకు ఇది చక్కగా అతుకుతుంది. చెక్కిన అక్షరాలకూ అతుకుతుంది.

చివరగా, ఆ మాట వచ్చే మిగతా శాసనాలన్నిటిలోనూ ఒక్కో అర్థాన్ని పెట్టి చదవండి. ఒక్కచోట వాక్యం పొసగకపోయినా ఆ అర్థాన్ని వెనక్కి తీసుకోండి. రెండు అర్థాలు మిగిలితే, మీ పట్టికలో 'సమాధికి చెందినవి, బహువచనం' అని మాత్రం రాసి, ఆ రెండింటినీ ప్రశ్నార్థకంతో పక్కన చేర్చండి.