పాత కంప్యూటర్‌తో వెబ్ వాడకం – మూడో పాఠం: బ్రౌజర్‌ను కుదుర్చుకోవడం, ప్రకటనలను అదుపులో పెట్టడం

గత రెండు పాఠాలను అనుసరించినవారి దగ్గర ఇప్పటికే ఒక కాగితం సిద్ధంగా ఉండాలి. కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉంది, ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏ తరానిది అన్న వివరాలు అందులో రాసుకున్నారు. ముఖ్యమైన ఫొటోలకూ పత్రాలకూ బయటి డిస్కులో నకలు కూడా తీసి పెట్టుకున్నారు. ఈ పాఠంలో ఆ కాగితంతో పని పడుతుంది.

పాత కంప్యూటర్ వాడేవారు సాధారణంగా రెండు ఫిర్యాదులు చెబుతారు. ఏ పేజీ తెరిచినా ప్రకటనలే కనిపిస్తున్నాయన్నది ఒకటి, యంత్రం బాగా నెమ్మదించిందన్నది మరొకటి. మొదటిదానికి ఏదో ఒక ‘క్లీనర్’ సాఫ్ట్‌వేర్ వేసి, రెండోదానికి కొత్త కంప్యూటర్ ధరలు వాకబు చేయడం పరిపాటి. నిజానికి ఈ రెండు సమస్యలూ బ్రౌజర్ దగ్గర కలుస్తాయి. కాబట్టి ముందు బ్రౌజర్, తర్వాత ప్రకటనలు, ఆ పైన ఆపరేటింగ్ సిస్టమ్ అన్న వరుసలో వెళ్దాం. ఈ వరుసను తారుమారు చేస్తే అనవసరంగా ఖర్చవుతుంది.

నెమ్మది యంత్రానిదా, పేజీదా?

క్రోమ్‌లో గానీ ఫైర్‌ఫాక్స్‌లో గానీ మీరు రోజూ చదివే వార్తల పేజీ ఒకటి తెరిచి, అది పూర్తిగా వచ్చాక షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కండి. బ్రౌజర్ లోపల ఏ ట్యాబ్ ఎంత మెమరీ తీసుకుంటోందో, ప్రాసెసర్‌ను ఎంత వాడుకుంటోందో చూపే పట్టిక వస్తుంది. మీరు ఏమీ కదపకుండా ఊరికే చదువుతున్నప్పుడు కూడా ఆ ట్యాబ్ ప్రాసెసర్‌ను వదలకుండా వాడుతూనే ఉంటే, తప్పు యంత్రానిది కాదు. దానంతట అదే ఆడే వీడియో, కొద్ది క్షణాలకొకసారి మారే ప్రకటన, మీరు పేజీని ఎంతవరకు చదివారో లెక్కగట్టే స్క్రిప్టులు అక్కడ నడుస్తున్నాయని అర్థం. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో అలాంటి ట్యాబ్‌లు నాలుగైదు తెరిస్తే విండోస్ మెమరీ చాలక హార్డ్ డిస్కును ఆశ్రయిస్తుంది. మౌస్ కదిలించినా బాణం కదలని స్థితి అక్కడే మొదలవుతుంది. ఆ పట్టికలోని అంకెలను కాగితం మీద రాసుకోండి, పాఠం చివర మళ్లీ పోల్చి చూడాలి.

గడియారం సంగతి

చాలా పుస్తకాలు చెప్పని చిన్న విషయం ఒకటుంది. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటూ ప్రతి సైటూ తెరుచుకోవడానికి మొరాయిస్తుంటే, ముందుగా తెర కింది కుడి మూలన తేదీ చూడండి. సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే భద్రతా ధ్రువపత్రాలకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటర్ తనను తాను 2009లో ఉన్నానని అనుకుంటే ఈనాటి ధ్రువపత్రం దానికి ఇంకా పుట్టనే లేదు. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. గడియారాల దుకాణంలో దొరికే ఆ చిన్న బ్యాటరీ మారిస్తే సరిపోయే దానికి కంప్యూటర్‌నే పక్కన పెట్టేసినవారు ఉన్నారు.

తేదీ సరిగా ఉన్నా అదే సందేశం వస్తుంటే కారణం ఇంకొకటి. వెబ్‌లో అసంఖ్యాకమైన సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తొలినాళ్లలో ఆధారపడిన పాత మూల ధ్రువపత్రం (మిగతా ధ్రువపత్రాలను నమ్మడానికి ఆధారమయ్యేది) గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది. కొత్త మూల ధ్రువపత్రం చేరని పాత పరికరాలు ఆ రోజు నుంచి ఇబ్బంది పడ్డాయి. ఫైర్‌ఫాక్స్ ఇలాంటి మూల ధ్రువపత్రాల జాబితాను విండోస్‌ను అడగకుండా తన వెంటే తెచ్చుకుంటుంది. పాత విండోస్ మీద నేను దాన్నే సూచించడానికి ఇదొక కారణం.

మీ విండోస్‌కు దక్కే చివరి బ్రౌజర్

ఇప్పుడు కాగితంలో విండోస్ పేరు చూడండి. ఎక్స్‌పీ అని ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. క్రోమ్ 49, ఫైర్‌ఫాక్స్ 52 దీర్ఘకాల మద్దతు వెర్షన్ దానికి అందిన చివరివి. వాటికీ భద్రతా సవరణలు ఆగి ఏళ్లు గడిచాయి. అలాంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకండి. మన ఊళ్లలోని డీటీపీ కేంద్రాల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, ‘అను’ తెలుగు ఫాంట్ల కోసం ఎక్స్‌పీని ఇప్పటికీ కాపాడుకుంటున్నవారికి ఈ మాట కష్టంగా తోచవచ్చు. వారు ఆ యంత్రాన్ని పారేయనక్కరలేదు. నెట్ కేబుల్ తీసేసి శుభలేఖలూ కరపత్రాలూ దాని మీదే చేసుకుంటూ, ఈమెయిల్‌కూ ఫైళ్లు పంపడానికీ వేరే యంత్రం వాడి, మధ్యలో పెన్‌డ్రైవ్‌తో నడిపించవచ్చు. ఆ పెన్‌డ్రైవ్‌ను మాత్రం ప్రతిసారీ నెట్ ఉన్న యంత్రంలో యాంటీవైరస్‌తో పరీక్షించాలి.

విండోస్ 7 అయితే మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. డబ్బు చెల్లించిన సంస్థలకు అందిన అదనపు సవరణలు కూడా 2023 జనవరితో ఆగాయి, విండోస్ 8.1 కథ కూడా అదే నెలలో ముగిసింది. ఈ రెండింటికీ క్రోమ్, ఎడ్జ్ రెండూ 109వ వెర్షన్ దగ్గర నిలిచిపోయాయి. ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాల మద్దతు వెర్షన్ మాత్రం 2023 జూలైలో వచ్చాక, దాని భద్రతా సవరణల గడువును తయారీ సంస్థ మొజిల్లా పలుమార్లు పొడిగించింది. కాబట్టి ఈ విండోస్‌లు వాడేవారికి నా సలహా ఒక్కటే: క్రోమ్ 109ను పక్కన పెట్టి, మొజిల్లా అధికారిక సైటు నుంచి ఫైర్‌ఫాక్స్ 115 తాజా సవరణను తెచ్చుకోండి. ఎప్పుడో వేసి వదిలేసిన పాత ఫైర్‌ఫాక్స్ పనికిరాదు. 2025 మార్చి 14న మొజిల్లా సొంత మూల ధ్రువపత్రం ఒకటి గడువు తీరడంతో, 115.13 కంటే వెనుకటి వెర్షన్లలో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేయక ఇబ్బంది పెడతాయి. కింద మనం చేయబోయే పనంతా ఎక్స్‌టెన్షన్ మీదే ఆధారపడి ఉంది.

విండోస్ 10 వాడేవారికి బ్రౌజర్ చింత ఇప్పట్లో లేదు, ఏ బ్రౌజర్ తాజా వెర్షన్ అయినా దాని మీద నడుస్తుంది. దాని అసలు సమస్య వేరు, చివర్లో చూద్దాం.

ప్రకటనలను ఆపడం

ప్రకటన ఉండటమే నేరమని నేను అనను. తెలుగు వార్తల సైట్లలో చాలా వాటికి పాఠకుడు రూపాయి కూడా చెల్లించడు, వాటి ఖర్చంతా ప్రకటనల మీదే వెళ్తుంది. కానీ చదువుతున్న పేరాను కప్పేసి, మూసే గుర్తును కంటికి ఆననంత చిన్నదిగా పెట్టి, అసలైన డౌన్‌లోడ్ బటన్ పక్కనే అంతకంటే పెద్ద నకిలీ బటన్‌ను నిలబెట్టేదాన్ని ప్రకటన అనడం కంటే మోసం అనడం సబబు. సవరణలు ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టమ్ మీద దీని ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రకటనల స్థలాన్ని సైటు యజమాని స్వయంగా నింపడు. మధ్యవర్తి సంస్థలు క్షణాల్లో వేలం వేసి నింపుతాయి, ఆ గొలుసులో ఎక్కడో ఒకచోట హానికరమైన ప్రకటన దూరితే పేరున్న సైటులోనూ అది కనిపిస్తుంది. కాబట్టి పాత యంత్రంలో ప్రకటనల నిరోధకాన్ని భద్రతా సాధనంగానే లెక్కించాలి.

ఈ పనికి యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వాడదాం. రేమండ్ హిల్ 2014లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మెమరీ తక్కువ తీసుకుంటుంది, దాని మూల రచన (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఉంటుంది. పేరును పూర్తిగా చూసుకోవడం ముఖ్యం. ‘ఆరిజిన్’ లేని యూబ్లాక్ వేరొకరిది. నిరోధకం పేరుతో ఏది కనిపిస్తే అది వేసుకోవడం ఎంత ప్రమాదమో 2018లో తెలిసింది: క్రోమ్ స్టోర్‌లోని 5 నకిలీ నిరోధకాలను అప్పటికే 2 కోట్ల మందికి పైగా వేసుకున్నారని యాడ్‌గార్డ్ సంస్థ బయటపెట్టింది. నిరోధకానికి మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివి మార్చే అనుమతి ఇస్తున్నారు కాబట్టి, ఇంటి తాళం చెవి ఇచ్చేటప్పుడు చూసినంత జాగ్రత్తగా చూసి ఇవ్వాలి.

ఫైర్‌ఫాక్స్‌లో పై కుడి మూలన మూడు గీతలు నొక్కి, ‘యాడ్-ఆన్స్ అండ్ థీమ్స్’లోకి వెళ్లి, వెతుకు పెట్టెలో పేరు రాసి, మొజిల్లా ‘రికమెండెడ్’ ముద్ర ఉందో లేదో చూసి చేర్చండి. తర్వాత ఎర్రటి డాలు గుర్తు నొక్కి, పళ్లచక్రం బొమ్మ ద్వారా దాని సెట్టింగ్స్ తెరిచి, ‘ఫిల్టర్ లిస్ట్స్’ పేజీలో ప్రాంతాలు, భాషల విభాగాన్ని విప్పితే ‘ఇండియన్‌లిస్ట్’ కనిపిస్తుంది. భారతీయ భాషల సైట్ల కోసం తయారైన జాబితా అది; తెలుగు సైట్లు చదివేవారు దానికి టిక్ పెట్టి, పైనున్న ‘అప్లై’ నొక్కడం మరవకూడదు. మిగతా జాబితాలన్నిటికీ టిక్‌లు పెట్టాలన్న ఉత్సాహం వద్దు. జాబితాలు పెరిగితే మెమరీ ఖర్చూ పెరుగుతుంది, కొన్ని పేజీలు చెదిరిపోతాయి.

ఏదైనా ప్రభుత్వ సైటులో గానీ బ్యాంకు సైటులో గానీ బటన్ పనిచేయకపోతే, అదే డాలు గుర్తు నొక్కి పెద్ద నీలం స్విచ్‌ను ఆపి పేజీని మళ్లీ తెరవండి; ఆ ఒక్క సైటుకే నిరోధకం ఆగుతుంది. మర్యాదగా ప్రకటనలు వేసుకునే సైటుకు సాయపడాలనుకున్నా పద్ధతి ఇదే.

క్రోమ్ వాడేవారికి ఒక హెచ్చరిక. ఎక్స్‌టెన్షన్ల నియమాలను ‘మ్యానిఫెస్ట్ వీ3’ పేరుతో గూగుల్ మార్చడంతో కొత్త క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పనిచేయడం ఆగిపోయింది. దాని బదులు ‘యూబ్లాక్ ఆరిజిన్ లైట్’ దొరుకుతుంది, బలం కొంత తక్కువైనా ఏమీ లేకపోవడం కంటే నయం.

మూలన పాప్-అప్‌లా వచ్చేవి

నిరోధకం వేశాక కూడా తెర కింది మూలన లాటరీ గెలిచారనో, వైరస్ ఉందనో సందేశాలు వస్తూనే ఉంటే, అవి పేజీలోని ప్రకటనలు కావు. ఎప్పుడో ఏదో సైటు ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అని అడిగినప్పుడు మీరిచ్చిన నోటిఫికేషన్ అనుమతి ఫలితం అది. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అన్న వరుసలో వెళ్లండి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో ‘పర్మిషన్స్’ కింద నోటిఫికేషన్స్ ఉంటాయి. అనుమతి పొందిన సైట్లలో గుర్తుపట్టని ప్రతిదాన్నీ తీసేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అక్కడే కొత్త అభ్యర్థనలను నిరోధించే గడి ఉంటుంది, దానికి టిక్ పెడితే ఇకపై ఎవరూ అడగరు కూడా.

తెరంతా ఆక్రమించి, సైరన్ మోగిస్తూ, మైక్రోసాఫ్ట్ పేరుతో ఫోన్ నంబరు చూపించే పేజీ మరింత ప్రమాదకరం. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు, ఈ ఒక్క గుర్తు చాలు. ఎస్కేప్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టి ఉంచితే పూర్తి తెర నుంచి బయటపడతారు. అప్పటికీ మూసుకోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను తిరిగి తెరవమంటారా అని అడిగితే వద్దనండి. పొరపాటున ఫోన్ చేసి, వారు చెప్పిన రిమోట్ సాఫ్ట్‌వేర్ వేసి, డబ్బు కూడా పోయినట్లయితే, ఇంటర్నెట్ తీసేసి, బ్యాంకుకూ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కీ వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆపరేటింగ్ సిస్టమ్ మాట

నిరోధకం బ్రౌజర్‌ను కాపాడుతుంది గానీ విండోస్‌లోని రంధ్రాలను పూడ్చలేదు. 2017 మే 12న వ్యాపించిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నక్రై వైరస్ ఎవరూ ఏ ప్రకటనా నొక్కకుండానే నెట్‌వర్క్ మీదుగా యంత్రం నుంచి యంత్రానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడినట్లు అప్పటి పత్రికలు రాశాయి. దాన్ని అడ్డుకునే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. దెబ్బతిన్న యంత్రాల్లో అత్యధికం అప్పటికి మద్దతు ఉన్న విండోస్ 7వే కావడం గమనించదగ్గది: సవరణ అందుబాటులో ఉన్నంత మాత్రాన చాలదు, వేసుకోవాలి. మద్దతు ముగిసిన విండోస్‌కు ఆ అవకాశమే ఉండదు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. అయితే దాని చివరి వెర్షన్ 22హెచ్2లో ఉన్న ఇంటి వాడకందారులకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా సవరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్తే నమోదు చేసుకునే లంకె కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే రుసుము ఉండదు. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పైది ప్రాసెసర్ కావాలి. కాగితంలో 4వ తరమో 6వ తరమో అని ఉంటే ఆ దారి అధికారికంగా లేదు. అడ్డదారులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ముందు ముందు సవరణలు వస్తాయన్న హామీ లేని అడ్డదారిని ఈ పాఠాల్లో నేర్పను.

మిగిలింది లినక్స్, అంటే విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. 4 జీబీ ర్యామ్, 64 బిట్ ప్రాసెసర్ ఉన్న యంత్రం మీద లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు చక్కగా నడుస్తుంది. 2024లో వచ్చిన 22వ వెర్షన్‌కు 2029 వరకు సవరణలు అందుతాయి. ఫైర్‌ఫాక్స్ అందులో ముందే ఉంటుంది, తెలుగును యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో టైప్ చేసుకోవచ్చు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ పని మాత్రం అక్కడికి నేరుగా రాదు.

అభ్యాసం

వచ్చే పాఠంలోపు ఈ పనులు పూర్తి చేయండి. తేదీ సరిచూసి, మీ విండోస్‌కు తగిన బ్రౌజర్ వేసి, యూబ్లాక్ ఆరిజిన్‌లో ఇండియన్‌లిస్ట్ చేర్చి, నోటిఫికేషన్ల అనుమతులు ఖాళీ చేయండి. ఆ తర్వాత మొదట తెరిచిన వార్తల పేజీనే మళ్లీ తెరిచి, షిఫ్ట్, ఎస్కేప్ పట్టికలోని అంకెలను పాత అంకెల పక్కన రాయండి. తేడా బాగా కనిపిస్తే మీ యంత్రానికి ఇంకా ఆయుష్షు ఉంది. తేడా లేకపోతే డిస్కును అనుమానించాలి, పాత తిరిగే హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయడం గురించి అయిదో పాఠంలో చెబుతాను.

నాలుగో పాఠం లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ మీద నుంచి, విండోస్‌ను ముట్టుకోకుండా నడిపి చూడటం. అందుకు 8 జీబీ లేదా అంతకు మించిన ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, సుమారు 3 జీబీ డౌన్‌లోడ్‌కు సరిపడా డేటా సిద్ధం చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక అందులోని ఫైళ్లను ముందే వేరే చోటికి మార్చుకోండి.