సోరింగకు దూరం విసరకండి

బరంపురం నుంచి ఒడిశా తీరంలోని గోపాలపూర్ ఒడ్డుకు వచ్చే కొత్తవాళ్లు పెద్ద రాడ్డు, బరువైన సీసం తెచ్చుకుని, గేలం అలల అవతల పడేలా బలమంతా పెట్టి విసురుతారు. సోరింగ చేప మాత్రం చాలాసార్లు వాళ్ల మోకాళ్ల ముందే మేస్తూ ఉంటుంది.

సన్నని ముక్కు, వెండి ఒళ్లు ఉన్న ఈ చేప శాస్త్రీయ నామం సిల్లాగో సిహామా. సాధారణంగా జానెడు ఉంటుంది, ముప్పై సెంటీమీటర్లు దాటడం అరుదు. ఇసుక అడుగున ముక్కుతో వెతికి పురుగులను, చిన్న రొయ్యలను తింటుంది. బెదిరితే క్షణంలో ఇసుకలోకి దూరిపోతుంది. అందుకే ముందుగా నీళ్లలో దిగకండి. మొదటి గేలం పొడి ఇసుక మీద నిలబడే వేయండి.

అలలు విరిగే తిన్నెకూ ఒడ్డుకూ మధ్య నీరు కాస్త ముదురు రంగులో కనిపించే గాడి ఉంటుంది. సోరింగ తిరిగేది అక్కడే. సునాపూర్ దగ్గర బాహుదా నది సముద్రంలో కలిసే మొగలో అయితే పోటు మొదలైన తొలి గంటలు నాకెంతో ఇష్టం. ఎక్కే నీటితోపాటే గుంపులు లోపలికి వస్తాయి.

ఆరేడు అడుగుల తేలికపాటి రాడ్డు, మూడు కిలోల బరువు ఆపే దారం చాలు. దారం మీద జారే సీసం గుండు పది, పదిహేను గ్రాములు మించనక్కర్లేదు. దాని కింద అర మీటరు సన్నదారం, చివర ఎనిమిదో నంబరు గేలం. చేప నోరు చాలా చిన్నది కాబట్టి గేలం అంతకంటే పెద్దదైతే ఎర మాత్రమే పోతుంది. కాడ పొడవుగా ఉన్న గేలమైతే నోట్లోంచి తీయడం సులువు. ఎరగా బతికున్న ఇసుక పురుగును మించింది లేదు. దొరక్కపోతే పచ్చిరొయ్య ఒలిచి, గోరంత ముక్క గుచ్చి, గేలం మొన బయటికి వదలండి.

ఇక అసలు పని. గేలం అడుగుకు చేరాక రీలు చాలా నెమ్మదిగా తిప్పండి. సీసం ఇసుకను రేపుతూ కదులుతుంటే సోరింగ వెతుక్కుంటూ వస్తుంది. దారం మీద టకటకమని చిన్న తాకిడి తెలుస్తుంది. రాడ్డును గట్టిగా గుంజితే ఆ చిన్న నోరు చిరిగిపోతుంది! అదే వేగంతో చుడుతూ ఉండండి, బరువు తగిలాక రాడ్డు కొద్దిగా ఎత్తితే చాలు. ఒకటి పడితే మళ్లీ అక్కడే వేయండి, ఒంటరిగా తిరిగే చేప కాదిది.

మన తెలుగు జాలరులు అలివి వల లాగుతుంటే దారం చుట్టేసి పక్కకు తప్పుకోండి. అది వాళ్ల కూడు. రుషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో నేను గేలమే వేయను. తెగిన నైలాన్ ముక్క ఒక్కటి చాలు, తాబేలు పిల్లకు ఉరి అవుతుంది.

పదిహేను సెంటీమీటర్లలోపు చేపలను తడి చేత్తో పట్టుకుని వదిలేయండి. మిగతావాటిని వెంటనే ఐసులో పెట్టండి, ఎండలో ఉంచితే ఆ మెత్తని కండ త్వరగా పాడవుతుంది.