పాత ఒప్పందాలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మినహాయింపులు

గత పాఠంలో సంతకాలు, తేదీలు చూశాం. ఈసారి మినహాయింపులు. నమూనా, 1555 సెప్టెంబర్ 25న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కుదిరిన మత శాంతి ఒప్పందం. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి ఐదో చార్లెస్ బదులు ఆయన తమ్ముడు ఫెర్డినాండ్ దగ్గరుండి దీన్ని నడిపించాడు.

అసలు మాట చిన్నదే. కాథలిక్ పాలకులు, లూథరన్ (మార్టిన్ లూథర్‌ను అనుసరించే ప్రొటెస్టెంట్) పాలకులు మతం పేరుతో ఒకరిమీద ఒకరు యుద్ధానికి దిగకూడదు. తన రాజ్యంలో ఏ మతం ఉండాలో పాలకుడే తేల్చుకుంటాడు. ఇక్కడ ఆగి, పక్కన పెన్సిల్‌తో "ఎవరికి?" అని రాయండి. ఎంచుకునే హక్కు పాలకుడిది. ఆ మతం నచ్చని ప్రజలు ఆస్తి అమ్ముకుని కుటుంబంతో వేరేచోటికి వెళ్లిపోవచ్చు. వేరే నమ్మకం ఉంటే ప్రాణాలు తీసిన కాలం అది, కాబట్టి ఇదీ పెద్ద మార్పే. కానీ పొలం అమ్ముకుని ఊరు వదలాల్సిన రైతుగా కూడా ఆ వాక్యం చదివి చూడండి.

తర్వాతి ప్రశ్న: "ఎవరు లేరు?" కాథలిక్కులు కాక, లూథరన్ల నమ్మకాలు చెప్పే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను ఒప్పుకున్నవాళ్లకే ఈ రక్షణ. మరో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ అనుచరులకు, పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలనే అనాబాప్టిస్టులకు చోటు లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: "ఏ షరతుకు ఒక పక్షం ఒప్పుకోలేదు?" రాజ్యాలేలే బిషప్పులు లూథరన్ మతంలోకి మారితే పదవి, భూములు వదులుకోవాలన్న షరతు ఇందులో ఉంది. లూథరన్లు దీన్ని అంగీకరించలేదు. ఫెర్డినాండ్ తన అధికారంతోనే చేర్చాడు. వాళ్లను శాంతింపజేయడానికి, బిషప్పుల రాజ్యాల్లో అప్పటికే లూథరన్లుగా ఉన్న నైట్లకు (చిన్న ప్రభువులకు), పట్టణాలకు విడిగా హామీ ఇచ్చాడు. దాన్ని అసలు ఒప్పందంలో చేర్చనే లేదు! ఇలాంటిది కనబడితే ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి, ముందుముందు గొడవ అక్కడే మొదలవుతుంది.

మొదలైంది కూడా. 1582లో కొలోన్ ఆర్చ్‌బిషప్ గెబ్‌హార్డ్ ప్రొటెస్టెంట్‌గా మారి, 1583లో పెళ్లి చేసుకుని, పదవి మాత్రం వదలనన్నాడు. చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో ఆయనొకడు. అప్పటికే ముగ్గురు ప్రొటెస్టెంట్లు. ఈయన నిలిస్తే నలుగురు, అంటే మెజారిటీ. కాథలిక్కులకు ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో ఊహించండి. యుద్ధం 1588 దాకా సాగింది, గెబ్‌హార్డ్ ఓడిపోయాడు.

అభ్యాసం: ముప్ఫై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 నాటి వెస్ట్‌ఫాలియా ఒప్పందంలో మత నిబంధనలు తీసుకుని ఈ మూడు ప్రశ్నలూ వేయండి. కాల్విన్ అనుచరులకు అందులో చోటు దొరికింది. మతపరమైన ఆస్తులు, ఆరాధన హక్కులు తేల్చడానికి 1624 సంవత్సరాన్ని కొలమానంగా పెట్టుకున్నారు. ఆ ఏడాదే ఎందుకు, దానివల్ల ఎవరికి లాభమో మీ జవాబు రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం అక్కడినుంచే.