శుభలేఖ మీద ఎడ్వర్డియన్ స్క్రిప్ట్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

పెళ్లికార్డు మీద వధూవరుల పేర్లు ఇంగ్లిష్‌లో వేయాలంటే నేను ముందు చూసేది ఎడ్వర్డియన్ స్క్రిప్టే. 1994లో ఎడ్ బెంగియట్ గీసిన ఫాంట్, కలిపిరాతలా అక్షరాలు ఒకదాన్నొకటి అందుకుంటూ పోతాయి, చాలా కంప్యూటర్లలో ఎమ్మెస్ ఆఫీస్‌తో పాటే వచ్చి ఉంటుంది. ఎంతో అందమైనది, కానీ మామూలు ఫాంట్‌లా వాడితే పాడవుతుంది.

అక్షరాలు కలవట్లేదా?
ముందు లెటర్ స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఖాళీ చూడండి. పేరు కార్డు వెడల్పుకి సరిపోవాలని ఎవరో పెంచి ఉంటారు, లేదా లైను రెండు అంచులకీ సాగేలా ఫుల్ జస్టిఫై పెట్టి ఉంటారు. సున్నా చేసి సెంటర్‌కి మార్చండి, వెడల్పు కావాలంటే సైజు పెంచండి. అప్పటికీ కలవకపోతే ఫొటోషాప్‌లో, ఇలస్ట్రేటర్‌లో కెర్నింగ్ (పక్కపక్క అక్షరాల మధ్య దూరం సర్దే సెట్టింగ్) ‘ఆప్టికల్’ మీద ఉందేమో చూడండి, అందులో సాఫ్ట్‌వేర్ అక్షరాల ఆకారాన్ని బట్టి తన లెక్కతో దూరాలు పెట్టి, డిజైనర్ కలిపిన చోట విడదీసేస్తుంది. ‘మెట్రిక్స్’ పెడితే ఫాంట్‌లో ఉన్న కొలతలే తీసుకుంటుంది, తోకలు మళ్లీ అందుకుంటాయి.

పేరు చదవడానికి రావట్లేదా?
అంతా క్యాపిటల్స్‌లో కొట్టి ఉంటారు. ఇందులో పెద్దక్షరం మెలికలు తిరిగి ఉంటుంది, పదం మొదట్లో ఒక్కటే రావాలి. శ్రావణి అని మొత్తం క్యాపిటల్స్‌లో కొడితే ఏడు మెలికలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. మన పేర్లలో ఇనిషియల్స్‌తో ఇదే బాధ: కె.వి.ఎస్.ఆర్. అంటే నాలుగు మెలికలు, నాలుగు చుక్కలు. తీసేద్దామంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా, అందులో ఇంటిపేరు ఉంది. ఇనిషియల్స్‌నీ, పేరు కింద వచ్చే బీటెక్, ఎమ్మెస్‌లనీ గారమాండ్ లాంటి నిటారు ఫాంట్‌లో చిన్నగా పెట్టండి. నాకైతే ఇంటిపేరు పూర్తిగా రాయడమే ఇష్టం.

ప్రింట్‌లో సన్న గీతలు పోయాయా?
ఇది ఉక్కు పాళీ రాత, నొక్కిన చోట లావు, తేల్చిన చోట వెంట్రుకంత సన్నం. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఆ సన్నం నిలబడదు, ముదురు రంగు మీద తెల్లక్షరాలైతే ఇంకు కమ్మేస్తుంది. సైజు పెంచండి, చాలకపోతే అక్షరం రంగులోనే 0.25 పాయింట్ అవుట్‌లైన్ ఇవ్వండి. జూమ్ చేసి చూసి నమ్మొద్దు, అసలు సైజులో ఒక ప్రింట్ తీయండి.

ప్రెస్‌లో ఫాంట్ మారిపోయిందా?
అక్కడి కంప్యూటర్‌లో అది లేదు. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసి, అంటే అక్షరాలని ఫాంట్ అవసరం లేని బొమ్మగా మార్చి పంపండి. ఆ తర్వాత స్పెల్లింగ్ దిద్దలేరు కాబట్టి రెండు ఇళ్లవాళ్లూ చూశాకే, అదీ కాపీ ఫైల్‌లోనే చేయండి. కారు స్టిక్కర్ కటింగ్‌కైతే వెల్డ్ కూడా చేయాలి, అంటే అక్షరాలన్నీ ఒకే ఆకారంగా కలిపేయాలి, లేదంటే అక్షరాలు కలిసిన చోట కూడా బ్లేడు కోసేస్తుంది.

తెలుగు పేరుకి పట్టట్లేదా?
ఇందులో తెలుగు అక్షరాలు లేవు, అందుకే డబ్బాలు వస్తాయి, లేదా వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామరాజ, శ్రీకృష్ణదేవరాయ పెద్ద సైజులో నిండుగా ఉంటాయి, తెలుగు పేరు వాటిలో పైన పెట్టి ఇంగ్లిష్‌ది కింద పెట్టండి. లైన్ స్పేసింగ్ మాత్రం బాగా వదలండి, పైన లక్ష్మి వత్తులు కిందికి దిగి, కింద క్యాపిటల్ మెలిక పైకి లేచి సరిగ్గా అక్కడే తగులుకుంటాయి.