రీసెర్చ్ ఖర్చుపై పన్ను మినహాయింపు – మూడో పాఠం: లెడ్జర్‌లో ఖర్చులు విడదీయడం

క్రెడిట్ వేరు, మినహాయింపు వేరు అని మొదటి రెండు పాఠాల్లో చూశాం. అమెరికాలో రీసెర్చ్ ఖర్చులో కొంత శాతాన్ని కట్టాల్సిన పన్నులోంచే తగ్గిస్తారు. మన దేశంలో ఆ ఖర్చును ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదాని మీద పన్ను వేస్తారు. "మాకు క్రెడిట్ ఎంత వస్తుందండీ?" అని ఆటోనగర్ యజమాని ఎవరైనా అడిగితే ముందుగా చెప్పాల్సింది ఇదే.

ఇక్కడ వాడే సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి. 2026 ఏప్రిల్ 1 నుంచి చేసే ఖర్చుకు 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది, నంబర్లు వేరు.

గుంటూరు శివారులో ఎగుమతులు చేసే ఒక కారంపొడి కంపెనీ ఉందనుకుందాం. కల్లంలో ఆరబెట్టిన కాయలో తేమ మిగిలితే బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్‌కు పంపే మిర్చిలో అది మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అందుకని రంగు పోకుండా తేమను త్వరగా తీసే డ్రయ్యర్‌ను సొంతంగా తయారు చేయాలని కంపెనీ పూనుకుంది. ఆ ఏడాది ఖర్చులు: కెమిస్టు జీతం 6 లక్షలు, ప్రయోగాలకు వాడిన కాయ 3 లక్షలు, ఎగుమతి సరుకు ల్యాబ్ పరీక్షలు 2 లక్షలు, ప్రయోగాల కోసమే చేయించిన డ్రయ్యర్ 10 లక్షలు, దాన్ని పెట్టడానికి కొన్న స్థలం 15 లక్షలు, వేరే కంపెనీ దగ్గర కొన్న టెక్నాలజీ హక్కు 5 లక్షలు.

జీతం, కాయ సెక్షన్ 35(1)(i) కిందికి వస్తాయి. కెమిస్టు సగం రోజు మామూలు క్వాలిటీ పని చేస్తుంటే జీతంలో సగమే రీసెర్చ్. ప్రతి లోడుకూ చేయించే ల్యాబ్ పరీక్ష రీసెర్చ్ కాదు, అందులో కొత్తగా తెలుసుకునేది లేదు. అయినా టెన్షన్ పడకండి, వ్యాపార ఖర్చుగా సెక్షన్ 37 కింద అదీ పూర్తిగా తగ్గుతుంది. రోజువారీ ఖర్చు ఏ పేరుతో రాసినా తగ్గేది నూటికి నూరే కాబట్టి అక్కడ కుస్తీ పట్టడం అనవసరం. వ్యాపారం మొదలుకాక ముందు 3 ఏళ్లలో పెట్టిన ఖర్చు మాత్రం వేరు. ఆ జీతాలు, ముడిసరుకు రీసెర్చ్‌వే అని నిర్ణీత అధికారి ధ్రువీకరిస్తే, వ్యాపారం మొదలైన ఏడాదిలో తగ్గించుకోవచ్చు.

మీరు అసలు శ్రద్ధ పెట్టాల్సింది డ్రయ్యర్ మీద. మామూలు మిషన్‌గా రాస్తే మొదటి ఏడాది తరుగుదల (మిషన్ విలువలో ఏటా ఆదాయంలోంచి తీసేయగల భాగం) 15 శాతం, అంటే లక్షన్నర. సెక్షన్ 35(1)(iv) కింద రాస్తే 10 లక్షలూ ఆ ఏడాదే తగ్గుతాయి. తేడా ఎనిమిదిన్నర లక్షలు. కంపెనీ 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌ఛార్జ్, సెస్ కలిపి 25.168 శాతం అవుతుంది. ఆ లెక్కన మొదటి ఏడాది చేతిలో మిగిలే పన్ను సుమారు 2 లక్షల 14 వేలు. ఇది మాఫీ కాదు, వాయిదా. తర్వాతి ఏళ్లలో ఆ డ్రయ్యర్ మీద తరుగుదల రాదు. ప్రయోగాలు ముగిశాక దాన్ని ఉత్పత్తిలోకి దింపినా అంతే, లెక్కలో దాని విలువ సున్నా. వేరే పనికి వాడకుండా 4 లక్షలకు అమ్మేస్తే ఆ 4 లక్షలూ ఆ ఏడాది వ్యాపార ఆదాయంలో కలుస్తాయి. అయినా చిన్న కంపెనీకి మొదటి ఏడాది డబ్బు చేతిలో ఉండటం పెద్ద ఊరట, వదులుకోవద్దు.

స్థలానికి ఈ మినహాయింపు లేదు. కొన్న హక్కుకూ లేదు, ఎందుకంటే ఇతరుల రీసెర్చ్ ఫలితం మీద హక్కు కొనడాన్ని సెక్షన్ 43(4) రీసెర్చ్ ఖర్చుగా ఒప్పుకోదు. దాన్ని తరుగుదలలో చూపాలి.

ఖర్చుకు రెట్టింపు తగ్గుతుందని ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. ఆ మాట సెక్షన్ 35(2ఏబీ) గురించి. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) ఆమోదించిన ల్యాబ్‌కు ఒకప్పుడు 200 శాతం ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి 150, 2020 ఏప్రిల్ నుంచి 100 శాతం. పైగా 22 శాతం రేటు తీసుకున్న కంపెనీకి ఆ సెక్షనే వర్తించదు. మనం చూసిన 35(1)(i), 35(1)(iv) మాత్రం వర్తిస్తాయి.

డ్రయ్యర్ ప్రయోగాల కోసమేనని చూపించేది మీ ట్రయల్ పుస్తకమే. తేదీ, బ్యాచ్, వేడి, లోపలికి వెళ్లినప్పటి తేమ, బయటికొచ్చినప్పటి తేమ, రంగు ఏ రోజుకారోజు రాయించండి. పాడైపోయిన బ్యాచ్‌లూ రాయాలి, విఫలమైన ప్రయోగం కూడా రీసెర్చే. మార్చి నెలాఖరులో కూర్చుని రాసిన పుస్తకాన్ని ఏ అధికారీ నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

అభ్యాసం: ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే కంపెనీ బరువు తగ్గించే కొత్త ఫ్రేమ్ కోసం 12 లక్షలతో టెస్టింగ్ మిషన్ కొన్నది. వెల్డర్లకు 4 లక్షల జీతమిచ్చింది, వాళ్ల సమయంలో నాలుగో వంతే ట్రయల్ ఫ్రేమ్ మీద గడిచింది. డిజైన్ హక్కుకు 3 లక్షలు కట్టింది. ఏది ఏ సెక్షన్ కిందికి వస్తుందో, టెస్టింగ్ మిషన్ వల్ల మొదటి ఏడాది పన్ను ఎంత తగ్గుతుందో 25.168 శాతం చొప్పున లెక్క కట్టండి. జవాబులు నాలుగో పాఠంలో.